కోసి కురచ చేసిన త్రీ నాట్ త్రీ: పాత లీ-ఎన్‌ఫీల్డ్ స్పోర్టర్ రైఫిల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోర్టర్ అంటే ఏమిటి? మామూలు .303కీ దీనికీ తేడా ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యాల దగ్గర మిగిలిపోయిన, .303 అంగుళాల తూటా కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు 1950లు, 60లలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దుకాణాలకు కారుచౌకగా చేరాయి. వేటకు వెళ్లేవాడికి మూతి దాకా ఉండే చెక్క, బయొనెట్ తగిలించే ఇనప టోపీ ఎందుకు? ముందు చెక్కను సగానికి కోసి, పై చెక్కలు పారేసి, కొన్నిసార్లు బారెల్ కూడా కురచ చేసి, తేలికైన వేట రైఫిల్‌గా మార్చేవారు. దాన్నే స్పోర్టరైజ్ చేయడం అంటారు. బర్మింగ్‌హామ్‌లోని పార్కర్-హేల్ లాంటి కంపెనీలు ఈ పని శుభ్రంగా చేశాయి. మిగతావి చాలావరకు షెడ్డులో రంపంతో చేసినవే. రెండూ ఒకే పేరుతో అమ్ముడవుతాయి కాబట్టి మన చేతికొచ్చింది ఏ రకమో మనమే తేల్చుకోవాలి.

మన ఊళ్లలో పోలీస్ స్టేషన్ సెంట్రీ భుజాన కనిపించిన "త్రీ నాట్ త్రీ" కూడా ఈ కుటుంబానిదే. అందుకే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు గన్ షోలో దీన్ని చూడగానే చెయ్యి అటు వెళ్తుంది.

చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

ఖాళీగా ఉందో లేదో చూడాలి. "ఖాళీదే" అని అమ్మినవాడు చెప్పినా సరే.

మూతిని ఎవరూ లేని వైపు పెట్టండి. ట్రిగ్గర్ గార్డ్ లోపల, ట్రిగ్గర్‌కు ముందున్న చిన్న మీటను పైకి నొక్కి మేగజీన్ (తూటాల పెట్టె) ఊడదీయండి. బోల్ట్ (తూటా వెనక మూసే ఉక్కు కడ్డీ) హ్యాండిల్ పైకెత్తి పూర్తిగా వెనక్కి లాగండి. ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమండి. మేగజీన్ తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. కంటికి చీకట్లో తెలియనిది వేలికి తెలుస్తుంది.

ఏ మోడలో ఎలా తెలుస్తుంది? చెక్క చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి.

చెక్కను నమ్మకండి, దాన్నెవరైనా మార్చి ఉండొచ్చు. లోహాన్ని చదవండి. చూడాల్సినవి మూడు: వెనక సైట్, బోల్ట్ ఊడే తీరు, ముద్రలు.

వెనక సైట్ బారెల్ మీద, ఛాంబర్‌కు ముందు ఉంటే అది నంబర్ 1. పాత పేరు షార్ట్ మేగజీన్ లీ-ఎన్‌ఫీల్డ్, ఎస్ఎంఎల్ఈ. సైట్ తీసేసి ఉంటే దాని మచ్చ, పిన్ను రంధ్రం బారెల్ మీద మిగులుతాయి. కంటికి దగ్గరగా, రిసీవర్ (బోల్ట్ నడిచే లోహపు చట్రం) వెనక భాగాన రంధ్రం ఉన్న సైట్ ఉంటే నంబర్ 4 లేదా నంబర్ 5. అయితే నంబర్ 1కి కూడా పార్కర్-హేల్ రంధ్రపు సైట్ అమర్చుకున్నవాళ్లున్నారు. కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకండి.

బోల్ట్ ఊడే తీరు మోసం చేయదు. నంబర్ 1లో బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగి, బోల్ట్ తలను వేలితో పైకి తిప్పితే పట్టా (బోల్ట్ తల జారే అంచు) మీదనుంచి టక్కున లేస్తుంది. నంబర్ 4 మార్క్ 1లో ముందు సైట్‌ను నిటారుగా లేపాలి, కుడిపక్కనున్న చిన్న గొళ్లాన్ని కిందికి నొక్కి పట్టుకుని బోల్ట్ లాగాలి. నంబర్ 4 మార్క్ 1 స్టార్‌లో ఆ గొళ్లెం ఉండదు. కుడి పట్టా ముందు భాగంలో ఒక గాటు ఉంటుంది, బోల్ట్ తలను సరిగ్గా అక్కడికి తెచ్చి పైకి తిప్పాలి. ఈ గాటు దగ్గర పట్టా అంచు చిట్లడం ఈ మోడల్‌కు పాత జబ్బు. చిట్లిన చోట బోల్ట్ తల తనంతట తానే పైకి లేచిపోతుంటే ఆ రైఫిల్ కొనకండి.

బారెల్ పొడవు కొలవండి. బోల్ట్ మూసి, మూతిలోంచి సన్నటి కర్రపుల్ల బోల్ట్ ముఖానికి తగిలేదాకా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి కొలిస్తే చాలు. నంబర్ 1, నంబర్ 4 రెండింటికీ అసలు పొడవు 25.2 అంగుళాలు. అంతకంటే తక్కువ వస్తే కోశారన్నమాట. అమెరికాలో రైఫిల్ బారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే అది వేరే చట్టం కిందికి వస్తుంది. అలాంటిది కనిపిస్తే బేరమాడకుండానే వెనుదిరగండి.

ముద్రల అర్థం ఏమిటి?

నంబర్ 1లో బోల్ట్ హ్యాండిల్ కింద, బట్ చెక్క దూరే ఇనప సాకెట్ కుడివైపు చూడండి. పైన కిరీటం, దాని కింద జీఆర్ అనే రాజముద్ర, తర్వాత ఫ్యాక్టరీ పేరు, ఏడాది, చివర మోడల్ ఉంటాయి. ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ, ఎల్ఎస్ఏ ఇంగ్లండ్‌వి. లిత్‌గో ఆస్ట్రేలియాది. ఇషాపూర్ మనది, పశ్చిమ బెంగాల్‌లో ఉంది. ఇషాపూర్‌లో బ్రిటిష్ కాలపు రైఫిళ్ల మీద కిరీటంతో పాటు జీఆర్ఐ అని మూడక్షరాలుంటాయి. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

నంబర్ 4లో ముద్రలు ఎక్కువగా రిసీవర్ ఎడమ గోడ మీద ఉంటాయి. లాంగ్ బ్రాంచ్ అని ఉంటే కెనడాది, సీరియల్ నంబర్ మధ్యలో ఎల్ అక్షరం వస్తుంది. యూఎస్ ప్రాపర్టీ అని ఉంటే మసాచుసెట్స్‌లోని చికోపీ ఫాల్స్‌లో శావేజ్ కంపెనీ చేసింది, సీరియల్‌లో సి ఉంటుంది. ఆ ముద్ర చూసి "అమెరికన్ సైన్యం వాడింది" అని చెప్పేవాళ్లుంటారు. కాదు. లెండ్-లీజ్ పథకం (యుద్ధంలో మిత్రదేశాలకు అమెరికా ఆయుధాలు ఇచ్చిన ఏర్పాటు) కింద బ్రిటన్‌కు పంపడానికి చేసినవి కాబట్టి ఆ ముద్ర వేశారు. ఎం47 అంటే బీఎస్ఏ వారి షిర్లీ ఫ్యాక్టరీ, ఆర్ఓఎఫ్ పక్కన ఎఫ్ అంటే ఫజాకర్లీ.

మరికొన్ని చిన్న ముద్రలు:

ఎఫ్‌టీఆర్ అంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేశారు. పక్కన ఏడాది కూడా ఉంటుంది. ఇది మంచి గుర్తే.

డీపీ అంటే డ్రిల్‌కు మాత్రమే. కవాతు నేర్పడానికి పక్కన పెట్టిన రైఫిల్ అది, కాల్చడానికి కాదు. ముద్రను అరగదీసి అమ్మేవాళ్లున్నారు, సాకెట్, బారెల్, బోల్ట్ మూడింటి మీదా వెతకండి.

ఈవై అంటే అత్యవసరమైతేనే తూటా కాల్చదగినది. గ్రెనేడ్లు విసరడానికి వాడేవారు. ముందు చెక్క చుట్టూ రాగి తీగ చుట్టినవి కూడా ఆ పనికి వాడినవే. గ్రెనేడ్ దెబ్బలు తిన్న రిసీవర్‌ను మళ్లీ నమ్మడం మా దృష్టిలో అనవసరం.

బారెల్ మీద .303, 2.222, 18.5 టన్స్ అని వరసగా కనిపిస్తే కంగారు పడొద్దు. సైన్యం నుంచి పౌరులకు అమ్మేముందు ఇంగ్లండ్‌లో చేసిన ప్రూఫ్ పరీక్ష గుర్తు అది. 2.222 అనేది కేస్ (తూటా ఇత్తడి గొట్టం) పొడవు, అంగుళాల్లో.

బట్ చెక్క మీద ఎస్, ఎల్, బి అక్షరాలు కొలతలు: పొట్టి, పొడవు, మరీ పొట్టి. అక్షరం లేకపోతే మామూలు సైజు.

చివరిగా సీరియల్ నంబర్లు. రిసీవర్ మీదున్న నంబరు, బోల్ట్ హ్యాండిల్ వెనకున్న నంబరు ఒకటేనా చూడండి. ఒకటి కాకపోతే బోల్ట్ మరో రైఫిల్ నుంచి వచ్చింది. అది పనికిరాదని కాదు గానీ కింద చెప్పిన హెడ్‌స్పేస్ పరీక్ష చేయకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి.

"అసలైన జంగిల్ కార్బైన్" అంటున్నారు. నమ్మొచ్చా?

నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఇలా అమ్మేవాటిలో చాలావాటిలో అడవి అంతే. జంగిల్ కార్బైన్ అంటే కురచ నంబర్ 5 మార్క్ 1, దాన్ని 1944 నుంచి 1947 దాకా మాత్రమే చేశారు. మామూలు నంబర్ 4ను కోసి, మూతికి గరాటు లాంటి ఫ్లాష్ హైడర్ (మంట కనపడకుండా చేసేది) తగిలించి ఆ రూపం తెచ్చినవి బోలెడు. కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ ఆర్మ్స్ శాంటా ఫే పేరుతో అమ్మినవి కూడా సర్ప్లస్ రైఫిళ్లను మార్చినవే.

తేడా పట్టడానికి బారెల్ రిసీవర్‌లోకి దూరే లావు భాగాన్ని చూడండి. అసలుదానిలో బరువు తగ్గించడానికి అక్కడ లోహాన్ని గాళ్లుగా తొలిచారు. బోల్ట్ హ్యాండిల్ గుండు కూడా లోపల డొల్లగా ఉంటుంది. రిసీవర్ ఎడమ గోడ మీద నంబర్ 5 మార్క్ 1 అని, నెల, ఏడాది ఉంటాయి. ఫ్లాష్ హైడర్ పిన్నులతో బిగించి ఉండాలి. చిన్న స్క్రూతో బిగిస్తే అది నకలు. పైచెక్కను చూసి తేల్చకండి, ఆ చెక్క కొత్తగా కూడా దొరుకుతుంది.

నా రైఫిల్ .303కే అని ఎలా ఖాయం చేసుకోవాలి?

ఈ ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ, ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా న్యూ సౌత్ వేల్స్‌లో, ఒకప్పుడు సైనిక తూటా కొలతల మీద ఆంక్షలుండేవి. అందుకని .303 కేస్‌నే మెడ దగ్గర నొక్కి .25 బుల్లెట్ పట్టేలా చేసి, .303/25 అని కొత్త తూటా పుట్టించారు. బయటికి ఆ రైఫిల్ అచ్చం లిత్‌గో స్పోర్టరే. ఇషాపూర్‌లోనేమో కాపలాదార్ల కోసం కొన్నిటిని ఒకే తూటా పట్టే .410 మస్కెట్‌గా మార్చారు. వాటి మేగజీన్ గుంతలో చెక్కదిమ్మ ఉంటుంది, బారెల్ లోపల రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పే మెలికల గాళ్లు) ఉండదు. దానిలో .303 కాల్చకూడదు. ఇప్పటి .410 షాట్‌గన్ తూటా కూడా ఆ ఛాంబర్‌కు సరిపడదు.

ఇషాపూర్ 2ఏ, 2ఏ1 ఇంకో రకం. 1960లలో మంచి ఉక్కుతో 7.62 నాటో తూటా కోసమే చేసినవి. నంబర్ 1 లాగే కనిపిస్తాయి. చదరంగా ఉండే 12 తూటాల మేగజీన్ వీటి గుర్తు, సాకెట్ మీద 2ఏ లేదా 2ఏ1 అని ఉంటుంది. అవి నాటో తూటాకు చేసినవే కాబట్టి ఘాటైన .308 వేట తూటాలు దూరం పెట్టండి. మామూలు నంబర్ 1ను ఎవరో 7.62కు మార్చి ఉంటే అది పూర్తిగా వేరే కథ. .303 గరిష్ఠ ఒత్తిడి 49,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .308ది 62,000. పాత నంబర్ 1 ఉక్కు మీద ఆ భారం వేయకండి.

ఇంకో తికమక: ప్యాటర్న్ 14 అనే .303 రైఫిల్, అమెరికా మోడల్ 1917 అనే .30-06 రైఫిల్ కవల పిల్లల్లా ఉంటాయి. రెండూ వించెస్టర్, రెమింగ్టన్, ఎడీస్టోన్ ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి. ఇవి లీ బోల్ట్ రైఫిళ్లు కానేకావు, మౌజర్ తరహావి. రిసీవర్ మీద యూఎస్ మోడల్ ఆఫ్ 1917 అని ఉంటే అది .303 కాదు.

ముద్రలు అరిగిపోయి అనుమానం మిగిలితే ఛాంబర్ అచ్చు తీయించండి. సెర్రోసేఫ్ అనే లోహం వేడినీళ్ల వేడికే కరుగుతుంది. ఛాంబర్‌కు కాస్త ముందు బారెల్‌ను గుడ్డతో మూసి, కరిగించి పోసి, గట్టిపడ్డాక తీసి, పోసిన గంటకు కొలిస్తే ఛాంబర్ అసలు కొలత వస్తుంది. అరగంటకే కొలిస్తే తక్కువ చూపిస్తుంది, మరీ ఆలస్యమైతే ఎక్కువ. గన్‌స్మిత్‌కు ఇది పెద్ద పని కాదు.

హెడ్‌స్పేస్ అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

.303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. బోల్ట్ మూశాక ఆ అంచు కూర్చోవడానికి బోల్ట్ ముఖానికీ బారెల్ వెనక అంచుకీ మధ్య ఉన్న జాగా హెడ్‌స్పేస్. జాగా తక్కువైతే బోల్ట్ మూసుకోదు. ఎక్కువైతే పేలినప్పుడు కేస్ వెనక్కి సాగి, అడుగుకు కాస్త పైన తెగిపోతుంది.

కొలవడానికి మూడు గేజ్‌లు చాలు. 0.064 అంగుళాల గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి. 0.067 నో-గో మీద మూసుకోకూడదు. 0.070 ఫీల్డ్ గేజ్ మీద కూడా మూసుకుంటే పక్కన పెట్టేయండి. బ్రిటిష్ సైన్యం 0.074 దాకా సరేనంది. కానీ వాళ్లు ఒకసారి కాల్చిన కేస్‌ను మళ్లీ వాడలేదు, మనం వాడతాం. గేజ్ పెట్టేముందు బోల్ట్‌లోంచి ఎక్స్‌ట్రాక్టర్ (కాలిన కేస్‌ను లాగే కొక్కెం) తీసేయండి. ఒక్క వేలి బలంతోనే మూయండి. బలం పెడితే ఏ గేజ్ మీదైనా మూసుకుంటుంది.

నంబర్ 4లో దీన్ని సరిచేయడం తేలిక. బోల్ట్ తలలు 0, 1, 2, 3 అని నాలుగు పొడవుల్లో వచ్చాయి. 0 పొడవు 0.620 నుంచి 0.625 అంగుళాలు, ఆపై ఒక్కో నంబరుకు 0.005 అంగుళం పెరుగుతుంది. 1 ఉన్నచోట 2 వేస్తే ఆ మేరకు జాగా తగ్గుతుంది. అయితే తలను బోల్ట్ మీద బిగించినప్పుడు అది సరైన స్థానాన్ని దాటి సుమారు 20 డిగ్రీలకు మించి తిరిగిపోకూడదు. 3 నంబరు తల వేసినా సరిపోకపోతే అరిగింది తల కాదు, బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను రిసీవర్‌లో పట్టి ఉంచే పొడుపులు) లేదా రిసీవర్. నంబర్ 1లో ఈ నంబర్ల సదుపాయం లేదు. తలలు ఒక్కొక్కటే వేసి చూసుకోవాలి.

బోల్ట్ మారిన రైఫిల్ అయితే లగ్గులు రెండూ సమంగా ఆనుతున్నాయో చూడాలి. లగ్గుల వెనక నీలిరంగు పూత రాసి బోల్ట్ నాలుగైదుసార్లు మూసి తెరవండి. ఒకవైపే రంగు పోతే బరువంతా ఒక్క లగ్గు మీదే పడుతోంది.

బారెల్ బాగుందో లేదో?

పైన పటారం, లోన లొటారం. స్పోర్టర్లలో ఇది మామూలు. కొత్తగా నల్లపూత వేసి మెరిపించిన రైఫిల్ లోపల గుంతలు పడి ఉండొచ్చు. కార్డైట్ మందు ఛాంబర్ ముందు భాగాన్ని తినేస్తుంది, పాత ప్రైమర్ల (తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీల) ఉప్పు మిగతాదంతా తింటుంది. నల్లగా ఉన్నంతమాత్రాన పాడైనట్టు కాదు, గాళ్ల అంచులు పదునుగా ఉంటే బాగానే కాలుస్తుంది.

విడి బుల్లెట్ ఒకటి తీసుకుని కొస మూతిలో పెట్టి వదలండి. లోహపు వలయం కాస్త బయటికి కనిపించాలి. బుల్లెట్ మొత్తం లోపలికి మునిగిపోతే మూతి అరిగింది. శుభ్రం చేసే తాడు ఒక పక్కకే రాసుకుని ఇలా అరుగుతుంది. కోసిన బారెల్ అయితే మూతి అంచు చదునుగా, గాయాలు లేకుండా ఉండాలి. రంపం పళ్ల గీతలు అలాగే వదిలేసిన మూతులు కూడా ఉంటాయి.

నిజమైన కొలత కావాలంటే మెత్తటి సీసం గుండును నూనె రాసి బారెల్ గుండా తోసి కొలవాలి. కొలతలు 0.311 నుంచి 0.316 దాకా కూడా కనిపిస్తాయి. చాలా బారెళ్లకు ఐదు గాళ్లు. బేసి సంఖ్య కాబట్టి గాడికి ఎదురుగా గాడి ఉండదు, మామూలు కాలిపర్ పెడితే తప్పు లెక్క వస్తుంది. వి ఆకారపు మైక్రోమీటర్ వాడాలి. యుద్ధకాలంలో రెండు గాళ్ల బారెళ్లు కూడా వచ్చాయి, అవి తక్కువరకం అనుకోవద్దు. వాటిలో మంచిగా కాల్చేవి చాలా ఉన్నాయి.

విప్పి శుభ్రం చేద్దామంటే ముందు చెక్క పగిలింది. ఏం తప్పు చేశాను?

నంబర్ 1లో బట్‌ను పట్టి ఉంచే పొడుగాటి బోల్ట్ ముందు కొన చదరంగా ఉంటుంది. అది ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న పలకలో దూరి ఉంటుంది. ముందు చెక్క తీయకుండా బట్ బోల్ట్ తిప్పితే ఆ చదరపు కొన తిరిగి చెక్కను చీల్చేస్తుంది. వరస ఎప్పుడూ ఇదే: ముందు చెక్క విప్పాలి, ఆ తర్వాతే బట్. బిగించేటప్పుడు బట్ ముందు, చెక్క తర్వాత.

స్క్రూ పోతే హార్డ్‌వేర్ షాపులో దొరికింది తోసేయకండి. ఎన్‌ఫీల్డ్ మరలు వేరే కొలత. పట్టినట్టే పట్టి రిసీవర్ మరను పాడుచేస్తాయి.

ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ చుట్టూ చిన్న ఇనప గొట్టం ఉండాలి. స్పోర్టర్లలో తరచూ అదే మాయమవుతుంది. అది లేకుండా బిగిస్తే చెక్క నలిగిపోతుంది, ఎంత బిగించినా వదులే.

వానాకాలంలో ట్రిగ్గర్ ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా ఉంది. ఎందుకు?

నంబర్ 1లోనూ నంబర్ 4 మార్క్ 1లోనూ ట్రిగ్గర్ వేలాడేది ట్రిగ్గర్ గార్డ్ నుంచి. గార్డ్ బిగించి ఉండేది చెక్కకు. చెక్క తేమ పీల్చి ఉబ్బితే గార్డ్ కిందికి జరుగుతుంది, దాంతో పాటే ట్రిగ్గర్. నంబర్ 4 మార్క్ 2లో ట్రిగ్గర్‌ను నేరుగా రిసీవర్‌కు తగిలించింది ఇందుకే. పాతవాటిని అలా మార్చినప్పుడు మార్క్ 1/2, 1/3 అని ముద్ర వేశారు.

ఈ ట్రిగ్గర్ రెండంచెలది, మొదట మెత్తగా వచ్చి తర్వాత గట్టిగా ఆగుతుంది. ఆ రెండో అంచె లేకుండా నేరుగా పేలితే సియర్‌ను (ట్రిగ్గర్ లాగేదాకా పిన్నును పట్టి ఉంచే కొక్కేన్ని) ఎవరో ఆకురాయితో అరగదీశారు. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, బట్‌ను రబ్బరు చాప మీద రెండుసార్లు గట్టిగా తట్టండి. కాకింగ్ పీస్ (బోల్ట్ వెనక పిన్నుకు తగిలించిన ముక్క) ముందుకు జారిపడితే సియర్ మార్చేదాకా దాన్ని కాల్చొద్దు.

తూటాలు కాలేకొద్దీ గురి పైకి పోతోంది. సైట్ తప్పా?

సైట్ కాదు, చెక్క. నంబర్ 4 బారెల్ కింద ముందు చెక్క కొన సుమారు 2 నుంచి 6 పౌండ్ల బలంతో పైకి ఒత్తేలా అమర్చారు. చెక్క కోసినప్పుడు ఆ ఆసరా పోయింది. మిగిలిన మొండెం బారెల్‌కు ఒకచోట తగులుతూ, వేడెక్కాక ఇంకోచోట తగులుతుంది. కాగితం ముక్క బారెల్ కింద దూర్చి లాగి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ తగులుతోంది. ఛాంబర్ భాగం తప్ప మిగతాది ఎక్కడా తగలకుండా చెక్కను గీకేయడమే స్పోర్టర్‌కు తేలిక మందు.

అలాగే చెక్క వెనక చివర రిసీవర్‌కు ఆనుకునే రెండు చదునులను చూడండి. తన్ను మొత్తం మోసేది అవే. నూనె తాగి మెత్తబడితే, ఎండి కుదించుకుపోతే రిసీవర్ ప్రతి దెబ్బకూ వెనక్కి జరుగుతుంది. అక్కడ పగులు మొదలైతే సన్నటి గట్టి చెక్క పలకలు అతికించాలి. స్క్రూ ఎంత బిగించినా ఇది తగ్గదు.

సైట్ ఎత్తు మార్చాలంటే లెక్క ఇది: రెండు సైట్ల మధ్య దూరాన్ని గురి తప్పిన అంగుళాలతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. అన్నీ అంగుళాల్లోనే. సైట్ల మధ్య 20 అంగుళాలు, 100 గజాల దగ్గర (3,600 అంగుళాలు) 6 అంగుళాలు పైకి పోతుంటే ముందు సైట్ 0.033 అంగుళం ఎత్తు పెరగాలి. సైన్యపు ముందు సైట్ బ్లేడ్లు 0.015 అంగుళం తేడాతో వరస సైజుల్లో దొరుకుతాయి.

ఏ తూటాలు వాడాలి?

సైన్యపు ప్రామాణిక మార్క్ 7 తూటా 174 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ను సెకనుకు 2,440 అడుగుల వేగంతో పంపేది. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చే 150, 174, 180 గ్రెయిన్ల తూటాలన్నీ ఆ పరిధిలోనివే. జింక వేటకు సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం బయటికి ఉన్నది) వాడండి. మొనదాకా లోహపు కవచం ఉన్నవి చాలా రాష్ట్రాల్లో వేటకు నిషిద్ధం, రేంజ్‌కు సరే. అరిగిన బారెల్ సాధారణంగా కురచ, పడవ తోక ఆకారపు బుల్లెట్ కంటే అడుగు చదునుగా ఉన్న 174, 180 గ్రెయిన్లనే బాగా పట్టుకుంటుంది.

డబ్బాల్లో వచ్చే పాత సైనిక తూటాలు చాలావరకు ఉప్పు మిగిల్చే ప్రైమర్లవి. వాటి గురించి కింద. పిన్ను పడ్డాక తూటా పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. మూతి లక్ష్యం వైపే ఉంచి ఒక నిమిషం ఆగండి. పాత మందు ఆలస్యంగా అంటుకోవడం తెలిసిన విషయమే. "ఫుస్" మని చిన్న శబ్దం వస్తే ఆపేసి, బారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాలి.

మేగజీన్‌లోంచి తూటా ముందుకు రాకుండా ఇరుక్కుంటోంది.

పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల ఉంది. బోల్ట్ పైదాన్ని నెడితే అది కిందిదాన్నీ లాక్కెళ్తుంది. నింపేటప్పుడు ప్రతి పై తూటా అంచు కిందిదానికి ముందు ఉండేలా జారవిడవండి. అలా పెట్టినా ఇరుక్కుంటే మేగజీన్ పెదవులు వంగాయి.

ఉప్పు ప్రైమర్లు కాల్చాక ఎలా శుభ్రం చేయాలి?

ఆ ప్రైమర్లు కాలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. వంటింటి ఉప్పుకు దాయాది. నూనెలో కరగదు, గాలిలో తేమ లాగి తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డ తిప్పి ఊరుకుంటే ఉప్పు మీద నూనె పూసినట్టే.

అదే రోజు చేయండి. బోల్ట్ తీసేసి, ఛాంబర్ వైపు నుంచి గరాటు, చిన్న గొట్టంతో లీటరు మరిగే నీళ్లు పోయండి. చెక్క మీద పడనివ్వకండి. వేడికి బారెల్ తనే ఆరిపోతుంది. పొడి గుడ్డలు రెండు మూడు తిప్పి, తర్వాత నూనె గుడ్డ. బోల్ట్ తల, పిన్ను కొస కూడా కడగాలి, చాలామంది మరిచేది అవే. మర్నాడు మళ్లీ ఒక గుడ్డ తిప్పి చూడండి, ఎర్రగా వస్తే ఇంకోసారి కడగాలి. చెక్కకు మాత్రం పచ్చి అవిసె నూనె, అరచేత్తో రుద్ది, పలచగా.

కాల్చిన కేస్‌లను మళ్లీ నింపి వాడుతుంటే రెండు మూడుసార్లకే తెగిపోతున్నాయి.

ఛాంబర్లు బురదలోనూ పనిచేయాలని వదులుగా చేశారు. పైగా బోల్ట్ లగ్గులు వెనక ఉన్నాయి కాబట్టి పేలినప్పుడు అంతా కాస్త సాగుతుంది. ఫ్యాక్టరీ డైతో (కేస్‌ను కొలతకు నొక్కే అచ్చుతో) కేస్‌ను ప్రతిసారీ పూర్తిగా నొక్కేస్తే ఆ సాగుడంతా అడుగు దగ్గరే పడుతుంది. అందుకే అదే రైఫిల్లో కాల్చిన కేస్‌కు మెడ మాత్రమే నొక్కండి.

పేపర్ క్లిప్ నిటారు చేసి, కొస రెండు మిల్లీమీటర్లు వంచి, కేస్ లోపల అడుగు నుంచి పైకి గీయండి. అడుగుకు కాస్త పైన చిన్న గుంతలా తగిలితే అది తెగబోయే చోటు. బయట అదే చోట మెరిసే వలయం కనిపిస్తుంది. దాన్ని పారేయండి. తెగిన ముక్క ఛాంబర్‌లో ఉండిపోతే తర్వాతి తూటా పూర్తిగా వెళ్లదు. బలవంతం చేయకండి, విరిగిన కేస్ తీసే పనిముట్టు .303కు విడిగా దొరుకుతుంది.

మళ్లీ పాత సైనిక రూపానికి తేవొచ్చా?

బారెల్ కోయకపోతే, రిసీవర్‌కు స్కోప్ రంధ్రాలు వేయకపోతే తేవొచ్చు. ముందు చెక్క, పై చెక్కలు, పట్టీలు, మూతి టోపీ వెతకాలి. అవన్నీ కలిపితే రైఫిల్ ధరను దాటే అవకాశమే ఎక్కువ. బారెల్ కోసి ఉంటే ఆశ వదులుకుని మంచి వేట రైఫిల్‌గానే ఉంచండి. పార్కర్-హేల్ వాళ్లు చేసిన స్పోర్టర్‌ను మాత్రం ముట్టుకోకండి, దాని విలువ ఆ రూపంలోనే ఉంది. స్కోప్ కావాలంటే రంధ్రాలు వేయకుండా బిగించే మౌంట్లు దొరుకుతాయి.

హెచ్1బీ మీద అమెరికాలో ఉన్నాను. కొనవచ్చా?

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 అన్నీ ఇందులోకే వస్తాయి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఎక్కువమందికి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. కొనేటప్పుడు 4473 ఫారంలో ఆ వివరం రాయాలి. స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో చేతబట్టడం కూడా దగ్గర పెట్టుకోవడమే, కాబట్టి లైసెన్సు గడువు చూసుకోండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు దీనిపైన వేరు.

ఇండియాలో? తాతగారి .303 ఇంట్లో ఉంది.

ఇండియాలో .303 నిషిద్ధ బోర్, అంటే పౌరులకు మామూలుగా అనుమతించని తూటా కొలత. 1959 ఆయుధ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. లైసెన్సుదారు పోయాక ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. ముందు దాని మీద ముద్ర చూడండి. మన ఊళ్లలో పాత లైసెన్సుల మీద ఉండేవి చాలావరకు .315 స్పోర్టింగ్ రైఫిళ్లు. ఇషాపూర్‌లోనే లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌తో పౌరుల కోసం చేసినవి, ఐదు తూటాలవి. అవి నిషిద్ధ బోర్ కావు గానీ వాటికీ వారసుడి పేరున లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత ఒకరి పేరున రెండు ఆయుధాలకు మించకూడదు. .303 తూటా .315లో, .315 తూటా .303లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు.

అమెరికాలో కొన్నదాన్ని వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా?

కుదరదు, పైన చెప్పిన నిషిద్ధ బోర్ కారణంగానే. రైఫిల్ సంగతి అటుంచి తూటాల సంగతి చూసుకోండి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. పక్క జేబులో మరిచిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పడితే ఆయుధ చట్టం కింద కేసే. రేంజ్‌కు వేరే బ్యాగు పెట్టుకుని, దాన్ని గరాజ్ దాటనివ్వకండి.